ముత్తాత ఎక్కడా దొరకకపోతే: వరంగల్ వైపు పాత రికార్డుల్లో వెతికే తీరు

"తాత పేరు తెలుసు. తాత వాళ్ల నాయిన పేరు కూడా విన్నాం. అంతకుమించి ఒక్క కాగితం ముక్క దొరకడం లేదు. జనాభా లెక్కల్లో చూడొచ్చా? చర్చి రిజిస్టర్లో ఉంటుందా?" వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, కరీంనగర్ వైపు కుటుంబాలవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది.

ముందు సూటి జవాబు. జనాభా లెక్కల్లో మీ ముత్తాత పేరు దొరకదు. చర్చి రిజిస్టర్లో దొరకొచ్చు, కానీ కుటుంబం అప్పటికే క్రైస్తవంలోకి వచ్చి ఉండాలి. ఇక మిగిలినవాళ్లందరికీ అసలు ఆధారం భూమి కాగితాలు. సొంత భూమి లేనివాళ్లకు కూడా అవి పనికొస్తాయి, ఎలాగో కింద చెప్తాం.

ఇంకో మాట. పేరు ఒక్కటే పట్టుకుని రికార్డు గదిలోకి పోవద్దు. ఐలోని మల్లన్న పేరు మీద ఐలయ్యలు, కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు, వేములవాడ రాజన్న పేరు మీద రాజయ్యలు, సమ్మక్క పేరు మీద సమ్మయ్యలు ఈ ప్రాంతంలో ఊరికి పదిమంది. ఊరు, తండ్రి పేరు, సర్వే నంబరు: ఈ మూడింటిలో కనీసం రెండు చేతిలో ఉంటేనే వెతుకులాట ముందుకు సాగుతుంది.

కావలసినవి

- ఒక పెద్ద నోటుబుక్కు. ఒక్కో మనిషికి ఒక పేజీ. పేజీ మీద పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఏ కాగితంలో చూశారు, ఆ కాగితం ఏ సంవత్సరానిది అని రాసుకోవాలి.
- ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ: పాత పాసుపుస్తకం, శిస్తు రశీదులు, దస్తావేజులు, బడి టీసీలు, పింఛను పుస్తకాలు, పెండ్లి పత్రికలు. చిరిగిన ముక్కలైనా పారేయొద్దు. సర్వే నంబరు చాలాసార్లు శిస్తు రశీదు మూలనే దొరుకుతుంది.
- మంచి కెమెరా ఉన్న ఫోను, ఒక భూతద్దం.
- పాత చేతిరాత ఉర్దూ చదవగలిగిన మనిషి. అచ్చు ఉర్దూ చదివేవాళ్లందరికీ పట్వారీ (ఊరి భూముల లెక్కలు రాసినాయన) రాత అందదు. కలెక్టరేట్ల దగ్గర పాత భూమి కాగితాలు తర్జుమా చేసిపెట్టే పెద్దమనుషులు ఉంటారు, వాళ్లే నయం.
- ఓపిక. ఒక్క తరం వెనక్కి పోవడానికి నెలలు పట్టొచ్చు.

1. ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి

"ముత్తాత పేరేంది?" అని అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. అడిగే తీరు మార్చండి.

- "అవ్వా, మీ మామకు అన్నదమ్ములెందరు? పాలు పంచుకున్నప్పుడు ఏ చెలక ఎవరికి వచ్చింది?"
- "పెత్రామాసకు (పితృ అమావాస్యకు) బియ్యం ఇచ్చేటప్పుడు ఎవరెవరి పేర్లు చెప్పేటోళ్లు?"
- "మన పాలోళ్లు (దాయాదులు) ఏ ఊళ్లో ఉన్నరు? ఎవరు చస్తే మనకు మైల?"
- "మీ తల్లిగారిది ఏ ఊరు? మీ అత్తను ఏ ఊరి నుంచి చేసుకొచ్చిన్రు?"

రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. పెత్రామాస నాడు అయ్యగారి ముందు తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరుసగా చెప్పే అలవాటు ఉన్న ఇళ్లలో మూడు తరాల పేర్లు నోటికి వస్తాయి. తల్లి వైపు పేర్లు కూడా చెప్పే ఇళ్లు ఉన్నాయి.

వయసులు, తేదీలు అడిగితే సరైన జవాబు రాదు. సంఘటనతో ముడిపెట్టి అడగండి. "రజాకార్ల జమానాల నువ్వు ఎంత ఉన్నవ్?" అంటే 1947-48. "గోదావరి పుష్కరాలకు ముందా, తర్వాతా?" అంటే పన్నెండేళ్ల లెక్క: 2015, 2003, 1991, 1979 అలా వెనక్కి పోవచ్చు. తెలుగు సంవత్సరం పేరు చెప్తే ఇంకా మంచిది, కానీ అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది. ఖర అంటే 1951-52 కావచ్చు, 1891-92 కావచ్చు.

చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, మీకు తెలిసినదానికి అనుకూలంగా దిద్దొద్దు. "బుడ్డ ఎల్లయ్య", "కుంటి మల్లయ్య" లాంటి పిలుపు పేర్లు మొరటుగా అనిపించినా వదలొద్దు. ఊళ్లో నలుగురు ఎల్లయ్యలు ఉన్నప్పుడు పట్వారీ కూడా ఆ పిలుపు పేరుతోనే మనిషిని గుర్తుపట్టి రాసుకున్న సందర్భాలు ఉంటాయి.

2. ఊరి పాత చిరునామా తేల్చండి

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇప్పటి జిల్లా, మండలం పేరుతో పాత రికార్డు అడిగితే "లేదు" అంటారు. ఉండేది వేరే జిల్లా పేరు కింద.

గుర్తుపెట్టుకోవాల్సిన మార్పులు ఇవి. 1905లో ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లా అయింది. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం విడిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో ములుగు జిల్లా ఏర్పడింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ పేరు వచ్చింది. అంటే 2018 కాగితంలో "వరంగల్ రూరల్" అని ఉంటే, అదే ఊరు ఇప్పటి కాగితంలో చాలావరకు ఉత్త "వరంగల్" కింద కనిపిస్తుంది, పరకాల వైపు ఊళ్లైతే హనుమకొండ కింద.

ఇంకా వెనక్కి పోతే చిక్కులు పెరుగుతాయి. సాయుధ పోరాట కాలంలో, 1946లో, జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. 1947లో పరకాల కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పటి జిల్లా చూసి వరంగల్ కట్టల్లో వెతుకుతూ కూర్చుంటే ఎన్నాళ్లైనా దొరకదు.

ఊరి విషయంలో ఇంకో మూడు సంగతులు చూడాలి.

- మీది రెవెన్యూ గ్రామమా, శివారు పల్లెనా, తండానా? శివారు పల్లె భూములు పెద్ద ఊరి పేరు కింద ఉంటాయి.
- ఊరు "బేచిరాగ్" అయిందా? దీపం లేని ఊరు అని అర్థం. జనం లేచిపోయినా భూముల లెక్క ఆ పేరు మీదే నడుస్తుంది. ముత్తాత ఊరు ఇప్పుడు పటంలో కనిపించకపోతే మొదట ఇది అనుమానించండి.
- జాగీరా, దివానీనా (నేరుగా సర్కారు కింది ఊరా)? జాగీరు ఊళ్ల లెక్కలు జాగీర్దారు దగ్గర ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యాక సర్కారులో కలిశాయి. అలాంటి ఊళ్లకు అంతకు ముందటి కాగితం దొరకకపోతే ఆశ్చర్యపడొద్దు.

3. సంవత్సరాలు మార్చుకోవడం నేర్చుకోండి

నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం), హిజ్రీ (ముస్లిం సంవత్సరం) రెండూ కనిపిస్తాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే ఒక తరమే తారుమారవుతుంది.

ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1345 ఫసలీ అంటే 1935-36. హైదరాబాద్ ఫసలీ అక్టోబరు మొదటి వారంలో అజూర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి అజూర్, దై, బహమన్ నెలల తేదీలకు దాదాపు డిసెంబరు చివరి దాకా 590, తర్వాతి నెలలకు 591 కలపండి. ఇప్పటి రెవెన్యూ ఫసలీ మాత్రం జులై 1న మొదలవుతుంది. పాత కాగితానికి ఈ లెక్క పెట్టొద్దు.

హిజ్రీ చాంద్రమానం, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 1300 హిజ్రీ అంటే 1882-83. కాగితం మీద ఉత్త "1340" అని ఉంటే, ఫసలీ అయితే 1930-31, హిజ్రీ అయితే 1921-22. తొమ్మిదేళ్ల తేడా! నెల పేరు చూస్తే తేలిపోతుంది. మొహర్రం, రంజాన్, షాబాన్ ఉంటే హిజ్రీ. అజూర్, తీర్, మెహర్, ఆబాన్ ఉంటే ఫసలీ.

4. జనాభా లెక్కల్ని దేనికి వాడుకోవాలో దానికే వాడండి

హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు జరిగాయి. బ్రిటన్‌లో, అమెరికాలో పాత సెన్సస్ షీట్లను పేర్లతో సహా బయటపెడతారు, అది చూసి ఇక్కడా ఉంటుందని అనుకుంటారు. మన దగ్గర 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. దరఖాస్తు పెట్టి కాలం వృథా చేసుకోవద్దు. డబ్బులిస్తే తీసిస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లు మాత్రం పనికొస్తాయి. వాటిలో తాలూకాల వారీగా ఊళ్ల పట్టికలు ఉంటాయి, సెన్సస్ శాఖ వెబ్‌సైట్లో చాలావరకు దించుకోవచ్చు. మీ ఊరు అప్పుడు ఏ తాలూకాలో ఉంది, పేరు ఎలా రాశారు, అదే పేరుతో చుట్టుపక్కల ఇంకో ఊరు ఉందా అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

5. భూమి కాగితాల్లో వెనక్కి నడవండి

భూముల ఆన్‌లైన్ రికార్డు భూభారతి (2020 నాటి ధరణి స్థానంలో 2025లో వచ్చింది) ఇప్పటి హక్కుదారుని చూపిస్తుంది. ముత్తాత అక్కడ దొరకడు. అక్కడినుంచి తీసుకోవాల్సింది సర్వే నంబరు మాత్రమే. నిజాం కాలపు సర్వే తర్వాత తెలంగాణలో మొత్తంగా రీసర్వే జరగలేదు కాబట్టి మూల నంబర్లు చాలావరకు అవే. పంపకాలు జరిగినకొద్దీ బై నంబర్లు పడ్డాయి. ఇప్పటి 214/ఆ/2 వెనక 214/ఆ, దాని వెనక ఉత్త 214 ఉంటుంది.

ఈ వరుసలో అడగండి:

అ) ఏడాదివారీ పహాణీలు (ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే లెక్క). ఒక్కో ఏడాదీ అక్కర్లేదు. అయిదేళ్లకొకటి చూస్తూ వెనక్కి పోండి. పేరు మారిన చోట ఆగి, ఆ అయిదేళ్లూ ఏడాది ఏడాదీ చూడండి.

ఆ) పేరు మారిన ఏడాదికి ఫైసల్ పట్టి (ఆ ఏడు జరిగిన హక్కు మార్పుల జాబితా), విరాసత్ ఫైలు (వారసుల పేరు మీదికి మార్చిన ఫైలు). ముత్తాతను దొరకబట్టే అసలు కాగితం ఇదే. పట్టాదారు చనిపోతే ("ఫౌతి" అని రిమార్కు ఉంటుంది) వారసుల పేర్లు, చనిపోయినాయనతో వరుస ఇక్కడ రాస్తారు. కొన్నిట్లో వంశవృక్షం గీసి ఉంటుంది, దాన్ని షజ్రా అంటారు.

ఇ) 1955-58 సేసాల పహాణీ (మూడేళ్లకు కలిపి రాసింది), 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూములన్నిటికీ రాసిన మూల పహాణీ). ఖాస్రా దాకా వస్తే సగం పని అయినట్టే.

ఈ) వసూల్ బాకీ, సేత్వార్ అనే పాత సర్వే రిజిస్టర్లు. సర్వే సెటిల్‌మెంట్ నాటి మూల పట్టాదారు పేరు సేత్వార్‌లో ఉంటుంది. తహసీల్ ఆఫీసులో లేదంటే జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డుల ఆఫీసులో అడగండి.

నకళ్లకు మీసేవలో దరఖాస్తు పెట్టొచ్చు. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం మూడూ రాయాలి. "మా తాత భూముల వివరాలన్నీ ఇవ్వగలరు" అని రాస్తే అది పక్కకు పోతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. దరఖాస్తులో ప్రశ్నలు అడగొద్దు, ఫలానా రికార్డు నకలు కావాలని అడగండి. రికార్డు పాడైపోయింది, దొరకడం లేదు అంటే అదే రాతపూర్వకంగా ఇమ్మనండి.

పట్టాదారు గడిలో పేరు లేదా? నిరాశ పడకుండా పక్క గడి చూడండి. కబ్జాదారు, అనుభవదారు, కౌలుదారు గడుల్లో చాలామంది ముత్తాతలు ఉంటారు. దొరల భూములు దున్నినవాళ్లకు రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ఉంది, 1950 కౌలు చట్టం కింద తయారైంది. ఊరికి నీరడిగా, సుంకరిగా, చాకలిగా, మంగలిగా చేసిన కుటుంబాలకు సేవా ఇనాం, బలుత ఇనాం భూములు ఉండేవి. అవి ఇనాం రికార్డుల్లో వేరుగా ఉంటాయి. తర్వాతి కాలంలో సర్కారు పంచిన భూమి అయితే లావుణి పట్టా ఫైలు అడగండి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజులను కూడా మరవొద్దు. ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. అమ్మకం దస్తావేజులో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం ఒకేచోట ఉంటాయి. పహాణీలో ఇంటిపేరు లేని మనిషికి ఇంటిపేరు దొరికేది ఇక్కడే.

6. ఉర్దూ రాతలో పేరు ఎలా మారుతుందో చూసుకోండి

"మా ముత్తాత ఐలయ్య. రికార్డులో ఎల్లయ్య అని ఉంది, వేరే మనిషి" అని వదిలేసేవాళ్లు చాలామంది. ఉర్దూలో ఈ రెండు పేర్లూ దాదాపు ఒకేలా రాస్తారు. తర్జుమా చేసినాయన ఏది చదివితే అది తెలుగులోకి వచ్చింది, తర్వాతి పహాణీలన్నీ దాన్నే ఎత్తిరాసుకుంటూ పోయాయి.

చూసుకోవాల్సిన జతలు:

- హ్రస్వ అచ్చులు చాలాసార్లు రాయరు. మల్లయ్యను ముల్లయ్య అని కూడా చదవొచ్చు.
- ఉ, ఊ, ఒ, ఓ, వ అన్నిటికీ ఒకటే అక్షరం. కొమురయ్య, కుమారయ్య, కోమరయ్య ఒకరే కావచ్చు.
- చుక్కలు, చిన్న గుర్తుల తేడాతోనే బ, ప, త, ట వేరవుతాయి. జ, చ కూడా అంతే. చుక్క చెదిరితే రాజయ్య కాస్తా రాచయ్య అవుతాడు.
- క, గ మధ్య ఒక గీత తేడా. ల, ళ తేడా లేదు. న, ణ తేడా లేదు.

కొన్ని మాటలు కూడా నేర్చుకోండి: వల్ద్ అంటే ఫలానా ఆయన కొడుకు, జౌజే అంటే భార్య, బేవా అంటే విధవ, ముతబన్నా అంటే దత్తుడు. ఆఖరి మాట దొరికితే చాలా చిక్కులు విడిపోతాయి. ఇంట్లో చెప్పే తండ్రి పేరు, కాగితం మీది తండ్రి పేరు కలవకపోతే దత్తత గానీ ఇల్లరికం గానీ అయ్యుండొచ్చు.

తర్జుమా చేయించేటప్పుడు మీరు వెతుకుతున్న పేరు ముందే చెప్పొద్దు. చెప్తే ఆ పేరే కనబడుతుంది. "ఈ వరుసలో ఏముందో చదవండి" అనండి చాలు.

7. చర్చి రిజిస్టర్లు

మొదట ఏ సంఘమో తేల్చాలి. ఎందుకంటే ఒక్కో సంఘంలో బాప్తిస్మం తేదీకి అర్థమే వేరు.

హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో మొదలైంది. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్లలో ముంచి ఇస్తారు. కాబట్టి బాప్టిస్టు రిజిస్టర్లో 1905 అని ఉంటే ఆ మనిషి అప్పటికే పదిహేనేళ్లవాడో నలభై ఏళ్లవాడో అయ్యుంటాడు. దాన్ని పుట్టిన సంవత్సరంగా రాసుకోవడం మేం చూసే తప్పుల్లోకెల్లా పెద్దది. తండ్రికీ కొడుక్కీ ఒకే రోజు బాప్తిస్మం జరిగిన ఇళ్లలో ఈ లెక్క వేస్తే ఇద్దరూ కవలలవుతారు.

డోర్నకల్ వైపు ఆంగ్లికన్ సంఘం. 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యాక పల్లెలకు పల్లెలు బాప్తిస్మం తీసుకున్నాయి, ముఖ్యంగా మాల, మాదిగ వాడలు. మెదక్, కరీంనగర్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. 1947లో ఈ ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిశాయి. వీటిలో పసిపిల్లల బాప్తిస్మం ఉంది, కాబట్టి పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ రెండూ దొరికే అవకాశం ఎక్కువ. కానీ వాడ మొత్తం ఒకే రోజు మారినప్పుడు పెద్దవాళ్ల వయసులు పాస్టరుగారు అందాజుగా వేసినవే.

వరంగల్ కతోలిక మేత్రాసనం (బిషప్ కింది ప్రాంతం, డయోసీస్) 1952లో హైదరాబాద్ నుంచి విడిపోయింది. అంతకు ముందటి సంగతులకు ఊరి విచారణలో (పారిష్‌లో) దొరకకపోతే అప్పటి పెద్ద విచారణ ఏదో కనుక్కోవాలి. కతోలిక జ్ఞానస్నాన రిజిస్టర్లో ఒక సౌకర్యం ఉంది: ఆ మనిషికి తర్వాత జరిగిన పెండ్లి వివరం అదే వరుస పక్కన మార్జిన్లో రాస్తారు. 1960లకు ముందటివి లాటిన్‌లో ఉండొచ్చు. ఫిలియుస్ అంటే కొడుకు, ఫిలియా అంటే కూతురు, పాత్రినుస్ అంటే జ్ఞానతండ్రి.

అడిగే పద్ధతి: ప్రెస్బిటరుగారికో (సీఎస్ఐ పాస్టరుకో) విచారణ గురువుగారికో ముందుగా ఉత్తరం రాయండి. పేరు (పాతదీ, కొత్తదీ), తండ్రి పేరు, పల్లె పేరు, అయిదేళ్ల వ్యవధి రాయండి: "1921 నుంచి 1926 మధ్య" అన్నట్టు. ఆదివారం ఆరాధన కాగానే పోయి నిలబడితే ఎవరికీ తీరిక ఉండదు, పనిరోజు పోండి. ఫోటోలకు అనుమతి అడిగి తీసుకోండి. మీ వరుస ఒక్కటే కాకుండా ఆ పేజీ మొత్తం, ముందు పేజీ, వెనక పేజీ తీయండి. అదే రోజు పక్కపక్కన రాసినవాళ్లు అన్నదమ్ములో వియ్యంకులో అయ్యుంటారు. వాళ్లెవరో తేలితే మీ మనిషి తేలుతాడు.

పేరు మారిన సంగతి గుర్తుంచుకోండి. రిజిస్టర్లో "ఏలియా" అయినాయన పహాణీలో ఎల్లయ్యగానే ఉండిపోతాడు, బడి రికార్డులో కూడా పాత పేరు, పాత మతమే ఉండొచ్చు. ఇది ఇప్పుడున్న వాళ్ల సర్టిఫికెట్లకు, రిజర్వేషన్లకు ముడిపడ్డ సంగతి. బతికున్నవాళ్ల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

ఊళ్లో రిజిస్టరే లేకపోతే సమాధుల తోట చూడండి. రాళ్ల మీద తేదీలు చెరిగిపోయి ఉంటే సాయంత్రం వాలుటెండలో పక్కనుంచి ఫోటో తీస్తే అక్షరాలు తేలతాయి. సుద్ద, సున్నం రుద్దొద్దు, రాయి పాడవుతుంది. మిషనరీల ఉత్తరాలు, వార్షిక నివేదికలు బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో, బాప్టిస్టులవి అమెరికాలో అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో, వెస్లియన్లవి లండన్ సోయాస్ (SOAS) విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. మీ పల్లెలో సంఘం ఎప్పుడు మొదలైందో తెలుసుకోవడానికి అవి మంచివి. అక్కడ ముత్తాత పేరు దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

8. భూమీ లేదు, చర్చీ లేదు అంటే

బడి అడ్మిషన్ రిజిస్టరు: తాత తరానికి మంచి ఆధారం, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. పుట్టిన తేదీ నమ్మొద్దు. జూన్ 1, జులై 1 అని ఉంటే పంతులుగారు వేసిందే.

ఓటర్ల జాబితాలు: ఇంటి నంబరు చూసి ఒకే ఇంట్లో ఎవరెవరు ఉన్నారో పట్టుకోవచ్చు. వయసులు 40, 45, 50 లాంటి గుండు అంకెల్లో ఉంటాయి, అయిదేళ్లు అటూ ఇటూ అనుకోండి.

కొలువు కాగితాలు: వరంగల్ ఆజంజాహి మిల్లు (1934లో మొదలైంది), కాజీపేట రైల్వే, సింగరేణి. సర్వీసు పుస్తకంలో సొంతూరు, తండ్రి పేరు, నామినీ ఉంటాయి. సింగరేణి విషయంలో జాగ్రత్త: మారుపేర్లతో పనిచేసినవాళ్లు చాలామంది. గని రికార్డులోని పేరు, ఊళ్లోని పేరు వేరయితే మొదట ఇదే అనుమానించండి. పద్మశాలి కుటుంబాలైతే షోలాపూర్, భివండి, సూరత్ కూడా వెతకాలి. ఊళ్లో మాయమైన తాత తమ్ముడు అక్కడ మగ్గం మీద దొరుకుతాడు.

వంశం చెప్పేవాళ్లు: మాదిగలకు డక్కలి, పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, విశ్వకర్మలకు రుంజ, గొల్లలకు మందహెచ్చుల, కాపు కులాలకు పిచ్చకుంట్ల (ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు). వాళ్లకు మిరాసీ ఊళ్లు ఉంటాయి, ఏ ఊరు ఎవరి వంతో వాళ్లకు తెలుసు. గోత్రం, ఇంటిపేరు చెప్పి అడగండి, కట్నం ఇచ్చి పంపండి. పాత తరాల వరుసలో పురాణం కలిసి ఉంటుంది. కింది మూడు నాలుగు తరాలే కాగితాలతో సరిచూడగలరు. కాశీ, గయ, నాసిక్ పోయిన కుటుంబమైతే అక్కడి పండాల పుస్తకాల్లో ఊరి పేరు మీద వెతికించుకోవచ్చు.

ఆడవాళ్ల పేర్లు వీటన్నిటిలోనూ కరువే. పహాణీలో బేవాగా వస్తేనో, పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి ఉంటేనో కనబడతారు. ముత్తవ్వ కోసం వెతికేటప్పుడు అత్తగారి ఊరు వదిలి తల్లిగారి ఊరి పహాణీ తెరవండి.

9. దొరికిన మనిషి మీ మనిషేనా?

పేరు కలవగానే సంబరపడొద్దు. ఈ పరీక్షలు పెట్టండి.

- తండ్రి–కొడుకుల జంట రెండు వేర్వేరు ఆఫీసుల కాగితాల్లో కనిపించాలి. ఒక పహాణీ, దాన్ని చూసి రాసిన ఇంకో పహాణీ కలిపి రెండు ఆధారాలు కావు, ఒక్కటే.
- సర్వే నంబరు చెయ్యి మారకుండా కిందికి రావాలి. మధ్యలో అమ్మకం ఉంటే దస్తావేజు చూపాలి.
- తండ్రీ కొడుకుల మధ్య పదిహేనేళ్లకంటే తక్కువ తేడా వస్తే ఒక తేదీ తప్పు. అరవై ఏళ్లకంటే ఎక్కువ వస్తే మధ్యలో ఒక తరం జారిపోయి ఉండొచ్చు.
- తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. 1930లోని రాజయ్య వల్ద్ మల్లయ్య, 1980లోని రాజయ్య వల్ద్ మల్లయ్య ఒకరు కాకపోవచ్చు, తాతా మనవళ్లు అయ్యుండొచ్చు. యాభై ఏళ్లపాటు ఒకే పేరు మీద పట్టా నడిస్తే ఫౌతి రిమార్కు కోసం మళ్లీ చూడండి. విరాసత్ చేయించకుండా చనిపోయినాయన పేరే ఏళ్లకొద్దీ కొనసాగిన పట్టాలు కూడా ఎన్నో.
- ఆ ఊళ్లో అదే పేరుతో ఇంకెవరూ లేరని చూపగలగాలి. ఖాస్రా పహాణీ ఊరు మొత్తం తిరగేసి, అదే పేరున్న వాళ్లందరినీ రాసి, ఒక్కొక్కరినీ కారణం చెప్పి కొట్టేయండి. విసుగు పుట్టించే పని, కానీ దీన్ని ఎగ్గొట్టినవాళ్లే పక్కింటివాళ్ల ముత్తాతను తెచ్చి తమ వంశవృక్షంలో పెట్టుకుంటారు.

పరీక్షల్లో ఒక్కటి తప్పినా ఆ పేరు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి, పెన్నుతో రాయొద్దు. తర్వాత ముత్తాతను వదిలి ఆయన అన్నదమ్ముల కోసం వెతకండి. పాలోళ్ల ఇంట్లో విరాసత్ ఫైలు తీస్తే, పంచుకున్న అన్నదమ్ములందరి పేర్లూ అందులో ఉంటాయి. మీ ఇంటి ఫైలు చెదలు తిన్నా, వాళ్లది మిగిలే ఉండొచ్చు.